లెస్టర్ స్క్వేర్‌లో ఓ మధ్యాహ్నం

బాబాయికి నాటకం పేరు చెప్పాను గానీ కథ చెప్పలేదు. చెప్తే రాడని తెలుసు. "ఇద్దరే ఉంటారు, గంటన్నర లోపే అయిపోతుంది, మధ్యలో విరామం కూడా లేదు" అన్నాను. "ఇద్దరేనా? సరే, పేర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పింది" అన్నాడు.

అది 2021 సెప్టెంబరు. కోవిడ్ తర్వాత లండన్ థియేటర్లు మళ్ళీ నిండా జనంతో ఆడటం మొదలై అప్పటికి రెండు నెలలే. బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్‌లో శనివారం పొద్దున రైలెక్కితే గంటన్నరలో యూస్టన్. అక్కణ్ణుంచి నార్తర్న్ లైన్‌లో నాలుగు స్టేషన్లు. హౌన్‌స్లోలో కొడుకు దగ్గరుంటున్న బాబాయి పికడిల్లీ లైన్‌లో వచ్చి, లెస్టర్ స్క్వేర్‌లో మెట్లు పైకొచ్చే చోట గొడుగు కర్రలా ఊని నిలబడున్నాడు. వాన లేదు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పిన మనిషి. ఎక్కడికెళ్ళినా క్లాసుకి వెళ్తున్నట్టే పావుగంట ముందుంటాడు.

ఆర్ట్స్ థియేటర్ అక్కడికి నాలుగడుగుల దూరం, గ్రేట్ న్యూపోర్ట్ స్ట్రీట్‌లో. పెద్ద హాళ్ళ మధ్య ఇరుక్కున్న చిన్న హాలు, మూడువందల యాభై సీట్లుంటాయేమో. 1955 ఆగస్టులో శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఇంగ్లీషులో మొదటిసారి ఆడింది ఇక్కడే. ఇరవై నాలుగేళ్ళ పీటర్ హాల్ దర్శకుడు. ఆ రోజు జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. ఈ గోడలకి ప్రేక్షకుల కోపం కొత్త కాదన్నమాట.

మేం చూడబోయేది అమెరికన్ నాటకకర్త డేవిడ్ మామెట్ రాసిన 'ఒలియానా'. ఒక ప్రొఫెసర్, ఒక విద్యార్థిని, ఒక గది. దర్శకురాలు లూసీ బెయిలీ. జోనథన్ స్లింగర్, రోజీ షీహీ నటులు. బాత్ నగరంలో ఆడి ఇక్కడికొచ్చింది. నాటకం పుట్టింది మాత్రం 1992 మేలో, అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో. అంతకు ఏడు నెలల ముందే అక్కడి సెనెట్‌లో అనీటా హిల్ సాక్ష్యం జరిగింది. తనని లైంగికంగా వేధించాడని ఆమె ఆరోపించిన పాత పైఅధికారి క్లారెన్స్ థామస్‌ని 52-48 ఓట్లతో సుప్రీంకోర్టు జడ్జిని చేశారు. ఆ వేడి చల్లారకముందే వచ్చిన నాటకం కాబట్టి, న్యూయార్క్‌లో ఆర్ఫియమ్ థియేటర్‌కి మారేసరికి లాబీల్లో మొగుడూ పెళ్ళాలు వాదులాడుకోవడం నాటకంకన్నా పెద్ద వార్త అయిపోయింది. అక్కడ పంచిన కరపత్రానికి రెండు రకాల అట్టలు వేశారు. ఒకదాని మీద మగమనిషి, ఒకదాని మీద ఆడమనిషి, ఇద్దరి గుండెల మీదా గురిచూసే వలయాలు. మీ చేతికి ఏది వస్తే అది.

ఇదంతా రైల్లో చదువుకుంటూ వచ్చాను. బాబాయికి చెప్పలేదు.

మొదటి అంకంలో ప్రొఫెసర్ జాన్ కుర్చీలోంచి లేస్తాడు, కూర్చుంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు. కొత్తిల్లు కొంటున్నాడు, ఉద్యోగం పర్మినెంటు కాబోతోంది. ఎదురుగా విద్యార్థిని కేరల్. ఏదీ అర్థం కావట్లేదంటుంది, వాక్యం మొదలుపెడుతుంది, ఆయన మధ్యలో అందుకుంటాడు. ఫోన్ మోగుతుంది. మళ్ళీ మొదలుపెడుతుంది. మళ్ళీ ఫోన్. హాల్లో నవ్వులు. బాబాయి కూడా నవ్వాడు. ఆ ప్రొఫెసర్ మాటల ధోరణి ఆయనకి బాగా తెలిసినదే కదా. ఆమె గాభరా పడుతుంటే జాన్ దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తాడు. అప్పుడు నేను చూసింది వేదికని కాదు. మోకాళ్ళ మీదున్న బాబాయి చేతులు మెల్లగా వెనక్కి జరిగి, చేతులు కట్టుకున్నట్టు చంకల్లోకి వెళ్ళాయి.

రెండో అంకానికి ఆమె ఫిర్యాదు చేసేసింది. మొదటి అంకంలో మనం చూసిన ప్రతి మాటా, ఆ చెయ్యితో సహా, కాగితం మీద ఇంకోలా కనిపిస్తోంది. ఆమె నోట్సు రాసుకుంటూనే ఉందిగా! మూడో అంకానికి ఆయన ఉద్యోగం పోయింది. ఫలానా పుస్తకాలు సిలబస్‌లోంచి తీసెయ్యాలని ఆమె తెచ్చిన ఒక జాబితా. అందులో ఆయన పుస్తకం కూడా ఉంది. చివరికి ఫోన్‌లో భార్యని ముద్దుగా పిలిచినందుకు కూడా ఆమె తప్పు పట్టేసరికి, జాన్ ఆమెని కొడతాడు. కుర్చీ పైకెత్తుతాడు.

ఇక్కడి గురించే అందరూ రాసేది. 1993లో లండన్‌లోనే రాయల్ కోర్ట్ థియేటర్‌లో నాటకకర్త హెరాల్డ్ పింటర్ ఇదే నాటకం చేయించినప్పుడు, జాన్ వేషం వేసిన డేవిడ్ సుషే చెయ్యి లేపగానే జనంలోంచి చప్పట్లు, కేకలు వచ్చాయని చదివాను. నాగరికత నేర్చిన లండన్ జనం, ఒక ఆడపిల్లని కొడుతుంటే! మా ఆటలో చప్పట్లేం పడలేదు. నా వెనక వరసలో ఒకాయన ముక్కుతో గట్టిగా గాలి వదిలాడు, అంతే. పట్టిన బరువు దించినట్టు. ముందు వరసలో ఒకావిడ మాస్కుని కళ్ళదాకా లాక్కుంది. సగం మంది మాస్కుల్లో ఉన్నారు, ఎవరి మొహంలో ఏముందో తెలియదు.

నా సంగతి చెప్పాలి కదా. ఆ మూడో అంకంలో ఒక నిమిషం, ఒక్క నిమిషమే, ఈ పిల్ల నోరు ఎవరన్నా మూయిస్తే బాగుండును అనిపించింది. నేను పరిశోధన చేసినన్నాళ్ళూ ఇలాంటి గదుల్లోనే, ఇలాంటి ఎదుటి కుర్చీలోనే కూర్చున్నాను. అయినా అనిపించింది. తరవాత దెబ్బ పడగానే కడుపులో తిప్పింది. మామెట్ పాచికలు తనకి కావలసినట్టు చెక్కుకున్నాడని విమర్శకులు మొదట్నించీ అంటున్నదే: మొదటి అంకంలో మాట కూడబలుక్కోలేని పిల్ల రెండో అంకానికి లాయరులా ఎలా మాట్లాడుతుందీ? ఆ ఆక్షేపణ నిజమే. కానీ నన్ను అంతదాకా తీసుకెళ్ళిన పాచికలు మామెట్‌వి మాత్రమేనా అని అనుమానం.

దీపాలు వెలిగాక జనం కాసేపు లేవలేదు. మెట్ల దగ్గర ఓ జంట అప్పుడే మొదలెట్టారు. "అతను చేసింది తప్పే, కానీ…" అని అబ్బాయి. "ఆ 'కానీ' తర్వాతది నాకు చెప్పకు" అని అమ్మాయి. పాత నాటకం, ఇక చెల్లదు అని రాసిన సమీక్షలు ఆ ఏడాదీ వచ్చాయి. 2017లో మీటూ గొంతులు లేచాక కేరల్ మాటలు మునుపటికన్నా సబబుగా వినిపిస్తున్నాయని రాసినవాళ్ళూ ఉన్నారు. 2009లో బ్రాడ్వేలో ఆట అయ్యాక థియేటర్లోనే చర్చలు పెట్టారుగానీ, రెండు నెలలు కూడా నిండకుండానే నాటకం మూతపడింది. చర్చ పెట్టి చేయించేదానికీ, మెట్ల మీద దానంతట అది మొదలయ్యేదానికీ చాలా తేడా ఉంది.

బాబాయి ఏమీ మాట్లాడలేదు. సెయింట్ మార్టిన్స్ లేన్ వైపు తిరిగాం. డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్ కనిపిస్తే, పింటర్ చేసిన ఆట తర్వాత ఇక్కడికే మారిందని చెప్పాను. తలూపాడు. మా ఊళ్ళో పరిషత్తు నాటకాలకి తీసుకెళ్ళినప్పుడు దారంతా ఆ పాత్రలా మాట్లాడుతూ నన్ను నవ్వించేవాడు. ఈసారి గొడుగు చప్పుడొక్కటే.

"కొట్టకుండా ఉండాల్సింది" అన్నాడు స్టేషన్ దగ్గర. కాసేపాగి, "నువ్వెప్పుడైనా అలా రాసుకున్నావా, నోట్సులో, ఎవరి గురించైనా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"రాసుకోవాల్సొచ్చిందా?"

జవాబు చెప్పకుండా కార్డు గేటుకి ఆనించాను. ఆయన కూడా మళ్ళీ అడగలేదు.

మిల్టన్ కీన్స్ దాటాక ఫోన్ చేశాడు. ఇంటికి చేరి, చెప్పులు కూడా విప్పినట్టు లేదు, వెనక మనవడి గోల వినిపిస్తోంది.

"అమ్మాయ్, మొదటి అంకం చివర్లో ఆ పిల్ల ఏదో చెప్పబోయింది చూశావా? ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు అంటూ మొదలుపెట్టింది. అంతలో ఫోన్ మోగింది. ఇంటి దగ్గర ఈయనకోసం అందరూ కలిసి ఏదో పార్టీ చేస్తున్నారని తెలిసింది. ఈయన లేచి బయల్దేరాడు."

"అవును."

"ఆ మాటేంటో మళ్ళీ రానేలేదు కదా. నాటకం అయిపోయేదాకా ఆయనకి గుర్తే లేదు. నాకూ ఇందాక మా స్టేషన్ వచ్చేదాకా గుర్తు రాలేదు. ఏం చెప్పబోయిందంటావ్?"

"నాకు తెలీదు బాబాయ్."

"ఊఁ" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.