మోటరు పెట్టిన తమ్ముడు

నల్లగొండకు నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. పొద్దున పోయి, అక్క పెట్టింది తిని, సాయంత్రం బస్సెక్కి వనస్థలిపురం చేరడం అలవాటు. ఈసారి మే నెలలో ఐదు రోజులు ఉండాల్సి వచ్చింది. బావకు కంట్లో శుక్లం ఆపరేషన్. పిల్లలిద్దరూ ఉద్యోగాలకని దూరాన ఉన్నారు. "నువ్వొచ్చి ఇంట్ల ఉంటే చాలు, పనేం చెప్పను" అంది అక్క. ఆ మాట నమ్మడం నా తప్పు.

ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు కదా, సీటు దొరకాలంటే మగవాడికి ఏదో పుణ్యం ఉండాలి. నాకు చౌటుప్పల్ దాకా దొరకలేదు. డబ్బులిచ్చిన నేను నిలబడ్డాను, ఆధార్ కార్డు చూపించిన పెద్దావిడ కూర్చుని నా బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. కోప్పడాలో దండం పెట్టాలో తెలియలేదు. మిషన్ భగీరథ పైలాన్ కట్టింది ఈ చౌటుప్పల్‌లోనే. 2015లో దాన్ని ఆవిష్కరించినప్పుడు పేపర్లో 'ఇంటింటికీ నల్లా' అని చదివి పేజీ తిప్పేసిన గుర్తు. మా అపార్ట్‌మెంట్‌లో నల్లా సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు. తిప్పితే వస్తాయి, రాకపోతే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తిడతారు.

నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగాక బస్సులోకి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. బస్టాండు నుంచి ప్రకాశం బజార్ మీదుగా గుట్ట వైపు పోవడానికి ఆటో అతను ఎనభై రూపాయలన్నాడు. ఇంత దగ్గరికి ఎనభయ్యా అంటే, "ఎండ సార్" అన్నాడు. ఎండకు కూడా రేటుందన్నమాట.

అక్క వాళ్ల గల్లీ లతీఫ్ సాహెబ్ గుట్ట కింద ఉంటుంది. ఇరవై చిల్లర ఇళ్లు. రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి ఆగాలి, ఆటో అయితే గల్లీ మొదట్లోనే దించేస్తుంది. అక్కణ్నుంచి ఇంటికి నలభై అడుగులుంటాయేమో, ఆ నలభై అడుగుల్లో ముగ్గురు అడిగారు, "ఎవలింటికి?" అని. నాలుగో మనిషి, ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ, అడగనే లేదు. "తమ్మునివి గదా. మూడింటికి వొస్తవన్నది మీ అక్క, నాలుగాయె" అంది. ఆలస్యానికి ఆమెకు సంజాయిషీ చెప్పుకున్నాను.

మొదటి రెండు రోజులు నాకు ఊపిరాడలేదు. పొద్దున గేటు ముందు నిలబడి ఫోన్ మాట్లాడితే, మధ్యాహ్నానికి పక్కింటి ఖాలా "ఆఫీసుల ఏమన్న లొల్లా?" అని అడుగుతుంది. ఉక్కకు ఇంట్లో పడుకోలేక రాత్రిళ్లు మిద్దె ఎక్కేవాళ్లం. అక్కడ మూడిళ్ల అవతల ఎవరి కోడలు ఎవరితో అలిగిందో వినిపిస్తుంది. మనం దగ్గితే పక్క మిద్దె మీద నుంచి "మిరియాలు కలుపుకొని తాగు" అని సలహా వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ తలుపు మీదున్న వినాయకుడి బొమ్మ నాకు తెలుసు, ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. తెలియకపోవడంలో ఉన్న హాయి నాకిష్టం. ఆ మాటంటే అక్క నన్ను జాలిగా చూసింది.

తప్పించుకోవడానికి ఒక సాయంత్రం పానగల్లు పోయి ఛాయా సోమేశ్వరాలయం చూసొచ్చాను. కందూరు చోళుల నాటి గుడి. గర్భగుడిలో లింగం మీద రోజంతా ఒక స్తంభం నీడ పడుతూనే ఉంటుంది, ఏ స్తంభానిదో నిలబడి చూస్తే పట్టలేం. మా గల్లీలో మాట కూడా అంతే, ఏ ఇంట్లోంచి బయల్దేరిందో ఎవరూ పట్టలేరు.

అసలు కథ మూడో రోజుది. ఆ గల్లీలో నల్లా రోజు విడిచి రోజు. ఐదున్నరకు రావచ్చు, ఏడింటికి రావచ్చు. అక్క బావను చెకప్‌కు తీసుకుపోతూ నాకు వరస చెప్పింది. మొదటి రెండు బిందెలు వాకిట్లో పొయ్యాలి, వాటిలో మట్టి ఉంటుంది. తర్వాత తాగే బిందెలకు తెల్లగుడ్డ కట్టి పట్టాలి. ఆ తర్వాత గాబు, చివరికి డ్రమ్ము. "గాబు నిండకపోతే రేపు బట్టల్లేవు, బోళ్లు లేవు" అని ఆటో ఎక్కింది.

గేటు పక్కన మోకాలి లోతు గుంత, దానిమీద షాబాద్ బండ. బండ జరిపితే అడుగున నల్లా. ప్రెషర్ లేని చోట నల్లా ఎంత కిందుంటే నీళ్లు అంత బాగా వస్తాయి, అందుకే తవ్వారు. గుంతలో ఒక కప్ప, ఎవరిదో పాత రబ్బరు చెప్పు. ఏడింటికి నల్లా బుడబుడమంది. గల్లీ అంతా ఒక్కసారి బండలు జరిపిన చప్పుడు, బిందెల మోత. మా అక్క ఇల్లు మిట్ట మీద కాబట్టి మాకొచ్చే ధార చిటికెన వేలంత. తాగే బిందెలు నాలుగు నిండేసరికి ఇరవై నిమిషాలు. ఇంక గాబు ఎప్పుడు నిండాలి? టెన్షన్ పట్టుకుంది.

మూలన గోనెసంచి కప్పి ఒక అర హెచ్‌పీ మోటరు కనబడింది, బోరు ఎండిపోకముందుది. నేను చదివింది మెకానికల్. పైపు తగిలించి, చెంబెడు నీళ్లు పోసి స్విచ్ వేశాను. ధార మణికట్టంత లావైంది. గాబు కళ్లముందే నిండుతుంటే, ఇన్నేళ్లుగా అక్కకు ఈ చిన్న ఆలోచన ఎందుకు రాలేదా అనుకున్నాను.

కాసేపటికి బయట బిందెల చప్పుడు ఆగిపోయింది. దాని బదులు నాలుగైదు గుంతల్లోంచి పాము బుసకొట్టినట్టు శబ్దం. గేటు దగ్గర పెద్దమ్మ తల ఒక పక్కకు వంచి వింటూ ఉంది.

"మోటరా?"

"లేదు" అన్నాను. వెనక మోటరు గురక పెడుతూనే ఉంది.

ఆమె అరవలేదు. "బంద్ జెయ్యి" అంది. చేశాను. "నువ్వు నీళ్లు గుంజితే మా నల్లాలు గాలి గుంజుతయ్ బిడ్డా. పైపు యాడన్న పలిగి ఉంటే మోరీ నీళ్లు సుత లోపలికి గుంజుతయ్. గవ్వే నీ గాబుల పడతయ్. మీ బావ కన్ను ఆపరేషనాయె, గా నీళ్లతోని మొఖం కడగనిస్తవా?"

మెకానికల్ చదివినవాడికి ఈ సంగతి తెలిసుండాల్సింది. మోటరు మీద గోనెసంచి ఎందుకుందో కూడా అప్పుడే తెలిసింది. ఎవరూ మోటరు పెట్టొద్దని గల్లీ అంతా కూర్చుని మాట అనుకున్నారట. ఆ మాట అనుకోవడానికి అందరినీ పోగుచేసింది మా అక్కే.

చెప్పుకోవడానికి నాకు సాకు కూడా లేదు, నేను ఈ జిల్లా మనిషినే. అమ్మమ్మ ఊరు మునుగోడు వైపు. చిన్నప్పుడు సెలవులకు పోతే అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలుండేవి, మా వాడకట్టులో ఒక తాత నడుము వంగిపోయి, ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. అంతా బోరునీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు, అప్పట్లో ఆ లెక్కలు మాకెవరికీ తెలియవు. అందుకే ఇక్కడివాళ్లు కృష్ణా నీళ్లు అనే మాటను ప్రసాదం అన్నట్టు పలుకుతారు. ఆ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరుకు తెస్తారు. అక్కణ్నుంచి ఒక దారి పానగల్లు ఉదయ సముద్రం చెరువుకు, ఇంకో దారి కోదండాపూర్ మీదుగా హైదరాబాద్‌కు. 2004 నుంచి పట్నానికి వస్తున్నవి ఇవే. మా అపార్ట్‌మెంట్ ట్యాంకుకు చేరే దారిలో నల్లగొండ జిల్లా ఉందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఎనిమిది కాకముందే నల్లా బందయింది. నా గాబు నిండుగా ఉంది, నాలుగిళ్లవి సగం కూడా లేవు. తీర్పు పెద్దమ్మే చెప్పింది. "ఆరు బిందెలు నాకు, నాలుగు ఖాలాకు, రెండ్రెండు కిందింటోళ్లకు. నువ్వే మొయ్యాలె." మొత్తం పద్నాలుగు. బిందెను చంకన పెట్టుకోవడం నాకు చేతకాలేదు, భుజం మీద పెట్టుకుంటే సగం చొక్కాలోకి పోయాయి. సైకిలు మీద ఒక పిల్లవాడు వెనకే తిరుగుతూ గట్టిగా లెక్కపెట్టాడు. తొమ్మిదో బిందె వాడి లెక్కలో ఎనిమిదే అయింది, వాదించే ఓపిక నాకు లేదు.

అక్క గల్లీ మొదట్లో ఆటో దిగి ఇంటికొచ్చేలోపే ఆమెకు విషయం అందింది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న బావ నా తడిసిన చొక్కా వైపు తిరిగి, "ఆపరేషన్ నాకయిందా, నీకయిందా?" అన్నాడు. అక్క మాత్రం సాయంత్రం దాకా మాట్లాడలేదు.

రాత్రి పెద్దమ్మ ఇంటి నుంచి గిన్నెలో చింతచిగురు పప్పు వచ్చింది. దాంతో మూడు జొన్నరొట్టెలు తిన్నాను, పట్నంలో అంత పులుపు తిని ఎన్నాళ్లయిందో. గిన్నె కడిగి, నేనే పోయి ఇచ్చొచ్చాను. ఖాళీ గిన్నె ఇచ్చినందుకు అక్క మళ్లీ తిట్టింది. కనీసం గుప్పెడు పంచదారైనా వెయ్యాలట.

ఐదో రోజు మళ్లీ నల్లా. ఐదింటికే గేటు మీద కట్టెతో కొట్టిన చప్పుడు. "తమ్ముడా, లే." నన్ను గుంత పక్కన పీటేసి కూర్చోబెట్టారు. నీళ్లు రాగానే కేకెయ్యాలి, అంతే పని. ఆరూ పదికి బుడబుడమనగానే "నల్లా వచ్చింది!" అని అరిచాను. గొంతు పీలగా వచ్చింది. "ఏం వచ్చింది?" అని కింది నుంచి ఎవరో అడిగారు. రెండోసారి గట్టిగా అరిచాను.

మధ్యాహ్నం బ్యాగు పట్టుకుని గల్లీ బయటికొస్తే, వచ్చిన రోజు దింపిన ఆటో అతనే ఉన్నాడు. ఎక్కి కూర్చున్నాను. ప్రకాశం బజార్ దాటాక అద్దంలో చూస్తూ, "మోటరు పెట్టింది మీరేనంట గద సార్" అన్నాడు.

అయినా ఎనభై రూపాయలే తీసుకున్నాడు.