సముద్రుడికి మంగళవారం సెలవు

హారతి కళ్లకద్దుకున్నామో లేదో మంత్రపుష్పం మొదలవుతుంది. ‘యోఽపాం పుష్పం వేద’ దగ్గరికి వచ్చేసరికి స్వరం రానివాళ్లు కూడా గొంతు కలుపుతారు. ‘పుష్పవాన్ ప్రజావాన్ పశుమాన్ భవతి’ అని ఫలం వినబడగానే ఇంకాస్త ఊపొస్తుంది. మంచిదే. కానీ ఆ మంత్రం ఉన్న అరుణప్రశ్న అనే వేదభాగంలోనే నాలుగు అనువాకాలు (ఖండికలు) ముందుకెళితే ఇంకో మాట ఉంది. ఆదివారం ఆదివారం అరుణం చెప్పించుకునే ఇళ్లలో కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించినవాళ్లను నేను చూడలేదు.

నాప్సు మూత్రపురీషం కుర్యాత్ ।
న నిష్ఠీవేత్ । న వివసనః స్నాయాత్ ।
గుహ్యో వా ఏషోఽగ్నిః ।

నీళ్లలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు, వలువ లేకుండా దిగకూడదు. ఎందుకయ్యా అంటే, అక్కడ దాగి ఉన్నది సాక్షాత్తూ అగ్ని. హోమగుండంలో ఉమ్మే ధైర్యం ఎవరికైనా ఉందా? మరి గోదావరి మెట్ల మీద నిలబడి కిళ్లీ ఊసే ధైర్యం ఎక్కణ్ణించి వస్తోంది?

‘అది ఆరుణకేతుక చయనమనే యజ్ఞం చేసినవాడి వ్రతం కదమ్మా, మనబోటివాళ్లకు కాదు’ అని ఒక పెద్దాయన నాకు సర్దిచెప్పబోయారు. మంత్రపుష్పం కూడా ఆ చయనంలోదే కదండీ! పిల్లల్నీ పశువుల్నీ పూలనీ ఇచ్చే ముక్క మాత్రం మనది, చేయకూడనివి చెప్పే ముక్క ఎవరో యజ్ఞం చేసినాయనదా? పోనీ, మనువు నాలుగో అధ్యాయంలో గృహస్థుకే ఈ మాట మళ్లీ చెప్పాడు. మలమూత్రాలు, ఉమ్ము, మైలపడ్డ వస్తువు, నెత్తురు, విషం, ఇవేవీ నీళ్లలో వేయొద్దని. ఫ్యాక్టరీ గొట్టాలు లేని రోజుల్లోనే విషం సంగతి కూడా రాసిపెట్టాడు.

నా మనసు పట్టుకున్నది మాత్రం ఆ వ్రతం చివరి మాట. వ్రతం పట్టినవాడు తాబేలును తినడు, నీటిలో బతికే ప్రాణిని తినడు. ఫలంగా నీటి ప్రాణులు వాణ్ణి చంపవు. ‘అఘాతుకా ఆపః’. నీళ్లు కూడా వాణ్ణి చంపవు. ఎంత చిన్న వరం! స్వర్గం కాదు, సామ్రాజ్యం కాదు. నీళ్లు చంపకుండా ఉంటే చాలు. ఇంట్లో కుళాయి తిప్పుకునేవాళ్లకు ఈ వరం విలువ ఎక్కడ తెలుస్తుంది? తెల్లవారుజామున నాటుపడవ తోసుకుని వెళ్లినవాడి ఇంటి ఇల్లాలికి తెలుస్తుంది.

ఈ మాట నాకు అర్థమైంది ప్రవచనంలో కాదు, ఆఫ్రికాలో. మావారి ఉద్యోగం పుణ్యమా అని ఘానా దేశంలో, అక్రా పక్కనున్న టేమా రేవు పట్టణంలో కొన్నేళ్లు కాపురమున్నాం. అక్కడ ‘గా’ అనే తెగ జనం సముద్రదేవుణ్ణి నాయ్ అంటారు. ఆయనకు మంగళవారం విశ్రాంతి. ఆ రోజు ఎవరూ సముద్రం మీదికి వేటకు వెళ్లరు. ఘానా తీరంలో చాలా ఊళ్లది ఇదే కట్టు, కొన్నిచోట్ల మాత్రం వారం మారుతుంది. పడమటి వైపు ఫాంటీ తెగవాళ్లు సముద్రుణ్ణి బోసోంపో అంటారు, వాళ్లకూ మంగళవారమే. ఆ రోజు ఆయన ఇంటివాళ్లతో ఉంటాడని, వెళ్లినవాడికి చేప పడదు సరికదా చూడకూడనిది కనబడుతుందని చెప్పుకుంటారు. కట్టు తప్పితే తీరానికి పెద్దగా ఉండే జాలరి నాయకుడు పిలిపిస్తాడు. గొర్రెపిల్ల, సారా సీసాలు, డబ్బు, తప్పు కొద్దీ జరిమానా.

మంగళవారం పొద్దున ఆ తీరం చూడాలి. వావా చెట్టు మానును తొలిచి చేసిన పొడుగాటి పడవలు, రంగురంగుల జెండాలతో ఇసుక మీద వరసగా పడుకుని ఉంటాయి. పడవల పక్కల మీద పెద్ద అక్షరాలతో బైబిలు వాక్యాలు. అవును, వీళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. ఆదివారం చర్చికి వెళతారు, మంగళవారం నాయ్ మాట వింటారు. పడవ నీడలో ఒకతను కాలి బొటనవేలికి వల చెరగు తగిలించుకుని బిగలాగి, నైలాను దారం చుట్టిన సూదితో చినిగిన కన్ను కుడుతూ ఉండేవాడు. ముడి వేయడం, వేలితో కొలుచుకోవడం, మళ్లీ ముడి. తొందర లేదు, రేడియో లేదు. మన పూజల్లో ఒక్కసారైనా అంత నిదానం చూశానా అనిపించేది.

నీటి ప్రాణిని ముట్టననే వ్రతం రోజూ పడితే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ వారానికి ఒక్కరోజు, ఎవరూ చూడని నడిసముద్రంలో కూడా, ముట్టను అని మాట ఇచ్చి నిలబెట్టుకోవచ్చు. అరుణప్రశ్న పేరు కూడా వినని జనం వారం వారం చేస్తున్నది అదే వ్రతం అని నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోతే పోనీండి.

ఆ ఖండంలో తీరం పొడుగునా నీళ్లకు ఇలా ఎవరో ఒకరు పెద్దదిక్కున్నారు. సెనెగల్‌లో సెయింట్ లూయీ ఊరి నదికి మామ్ కుంబా బాంగ్ తల్లి. ముస్లిం ఇల్లాళ్లే ఆమెకు పాలూ, పెరుగు కలిపిన చిరుధాన్యపు సంకటీ నీళ్లలో సమర్పిస్తారు. కామెరూన్‌లో డువాలా దగ్గర సావా జనం ఎన్‌గోండో పండుగకు ‘వూరి’ అనే పేరున్న నదిలోకి ఒక మనిషిని దించి, లోపలి జలదేవతల దగ్గర్నుంచి ఆ ఏడాది మాట తెప్పించుకుంటారు. 2024లో యునెస్కో దాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్నిటిలోకీ నాకు ముచ్చటైనది ఘానాలోనే ఎల్మినా ఊరి బకాటుయే పండుగ. జూలై మొదటి మంగళవారం వస్తుంది. అంతకుముందు కొన్నివారాలు అక్కడి బెన్యా కయ్యలో, అంటే సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి మడుగులో, వల వేయరు. ఆ రోజు మన పెండలంలాంటి యామ్ దుంపను ఉడికించి మెదిపి, ఎర్రటి పామాయిల్ కలిపి, గుడ్లతో సహా నీళ్లలో నివేదిస్తారు. తర్వాత పూజారి మూడుసార్లు వల విసురుతాడు. ఆ మొదటి చేప దేవుడిది. అప్పుడే ఊరికి వేట. ముందు ఆగారు, తర్వాత పెట్టారు, ఆ తర్వాతే తీసుకున్నారు. మన రేవుల్లో ఈ వరసలో మొదటిది ఎగిరిపోయింది.

గా జనానికి ఆగస్టులో హోమోవో పండుగ. దానికి ముందు ఇంచుమించు నెలరోజులు అక్రాలో డప్పు కొట్టకూడదు, మైకు మోగకూడదు. దేవుళ్లకు నిశ్శబ్దం కావాలట. చర్చిలకూ ఈ కట్టుకూ పేచీలు రాకపోలేదు, 1998 ప్రాంతంలో కొట్లాటలదాకా వెళ్లింది. అయినా ఏటా ఆ నెల వస్తుంది. పండుగ అంటే డీజే అనుకునే మనవాళ్లకు చెబితే నవ్వుతారు.

నాయ్‌కి ఒక కూతురుంది. పేరు అషియాక్లే, సంపదలిచ్చే దేవత. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. సముద్రుడి కూతురు, సిరులిచ్చే తల్లి. లక్ష్మిని సాగరకన్య అని పిలుచుకునే నేను ఇక ఆమెను పరాయి దేవత అని ఎలా అనుకోను?

వాళ్లూ మనల్ని పరాయివాళ్లు అనుకోలేదు. 1880ల్లో జర్మనీలో హాంబర్గ్‌లో అచ్చయిన ఒక పాములాడించే స్త్రీ పటం పడమటి ఆఫ్రికాకు చేరి, మామీ వాటా అనే జలదేవత రూపమై కూర్చుంది. 1955లో అదే పటాన్ని ఘానాలోని కుమాసీ వర్తకుల కోసం బొంబాయిలో ఒక క్యాలెండర్ కంపెనీ 12,000 ప్రతులు మళ్లీ అచ్చేసి పంపింది. ఆ దారినే మన దేవుళ్ల పటాలూ వెళ్లాయి. ఘానా, టోగో తీరాల్లో ‘ఎవే’ అనే తెగ జనం గుళ్లల్లో లక్ష్మి ఉంది. మూడు తలల దత్తాత్రేయుణ్ణి డెన్సు అనే జలదేవుడిగా కొలుస్తారు. గానుగాపురం వెళ్లొచ్చేవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి, స్వామి అట్లాంటిక్ ఒడ్డున ఏ పేరుతో పలుకుతున్నాడో! అక్రాలో హిందూ మఠం నెలకొల్పిన స్వామి ఘనానంద సరస్వతి కూడా అక్కడివారే. 1937లో సెన్యా బెరాకు అనే తీరగ్రామంలో పుట్టారు, 2016లో పరమపదించారు.

ఇప్పుడు మన సంగతి. మేం టేమాలో ఉన్నప్పుడు ఒక ఏడాది వినాయక చవితి ఆదివారం వచ్చింది. హాలు అద్దె మంగళవారం రాత్రితో అయిపోతుంది కాబట్టి మూడో రోజే నిమజ్జనమని కుర్రాళ్లు తేల్చేశారు. మాలో పెద్దావిడ, అందరం పిన్నిగారనే ఆవిడ, ‘మంగళవారం నాడు ఇంటి ఆడపిల్లనే పంపం, గణపతిని పంపుతార్రా?’ అని మొత్తుకుంది. వినలేదు. స్పీకర్లు కట్టిన వ్యానుతో తీరానికి వెళ్లాం. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకరు లేచి వచ్చి, మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టారు.

‘మేం చేపలు పట్టడానికి రాలేదండీ’ అన్నాడు మావాడొకడు.

‘తెలుసు. మీ దేవుణ్ణి వద్దనడం లేదు. ఇవాళ ఆయనకు విశ్రాంతి. ఇంకోరోజు తీసుకురండి, మా పడవలోనే లోపలికి తీసుకెళతాం.’

ఇంకో తీరానికి పోదాం, వీళ్ల మూఢనమ్మకాలు మనకేమిటి అన్నవాళ్లు లేకపోలేదు. గణపతిని బండిలో పెట్టుకుని ఇంకొకరి నమ్మకాన్ని మూఢమనడానికి నోరెలా వచ్చిందో! పిన్నిగారు వ్యాను దిగి, తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది. గణపయ్య ఆ రెండు రోజులూ వాళ్లింట్లోనే ఉన్నాడు.

అయిదో రోజు, గురువారం వెళ్లాం. ముసలాయన ముందు సారా నాలుగు చుక్కలు ఇసుక మీద వొంచి ఏదో చెప్పుకున్నారు. మావాళ్లలో ఇద్దరు ముక్కు మూసుకున్నారు. మా మంత్రపుష్పం అయ్యేదాకా ఆయన మాత్రం టోపీ తీసి ఎండలో నిలబడ్డారు. పడవెక్కించే ముందు విగ్రహం చుట్టూ తిరిగి చూశారు. థర్మోకోల్ తామరపువ్వు ఊడదీశారు. ప్లాస్టిక్ దండ, మెరుపు కాగితాల గొడుగు, సీరియల్ బల్బుల తీగ, ఒక్కొక్కటే తీసి ఇసుక మీద పేర్చారు. చివరికి మట్టి గణపతి, గరిక, పత్రి మిగిలాయి. ‘వీటిని ఆయన పుచ్చుకుంటాడు’ అన్నారు. ‘నాప్సు’ అనే వాక్యానికి అంతకంటే మంచి భాష్యం నాకు ఎవరూ చెప్పలేదు.

అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. అక్రాలో కోర్లే దేవత కొలువున్న కయ్య ఆ నగరం మురుగంతా మోస్తోంది, పక్కనుంచి వెళ్లాలంటే ముక్కు మూసుకోవాలి. వేటకు వారానికొక రోజు విరామం చాలక 2019లో అక్కడి ప్రభుత్వం నాటుపడవలకూ మే 15 నుంచి జూన్ 15 దాకా వేట ఆపింది. మన తూర్పు తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు చెబుతుంది. గంగమ్మ తల్లికి పురిటి కాలం అనుకుంటే అదే నిషేధం భక్తితో చేస్తాం.

2027లో గోదావరి పుష్కరాలు. ఇప్పట్నుంచే అడుగుతున్నాను, వింటారో వినరో మీ ఇష్టం. సబ్బు, షాంపూ పొట్లాలు ఇంట్లోనే వదిలి రండి. సంకల్పం చెప్పుకుని మూడు మునకలు వేయండి, బట్టలు ఉతకడం బసకు వెళ్లాక. పాత దేవుడి పటాలు అద్దంతో సహా నదిలో పడేయడం ఏ శాస్త్రంలోనూ లేదు. పసుపు కుంకుమ కవరుతో విసరకండి, పక్కనున్న ముత్తయిదువకు బొట్టు పెట్టి ఇవ్వండి. పూలు వేయాలని ఉంటే రెండు వేయండి, గంప బోర్లించకండి. పిండప్రదానం చేసిన విస్తరి చుట్టిన ప్లాస్టిక్ తాడు మీ పితృదేవతలు తినరు. పిల్లవాడు నీళ్లలో ఉమ్మబోతే అక్కడే ఆపండి. అరుణప్రశ్నలో ఉందని చెప్పండి, అది విని వాడు నవ్వితే నవ్వనివ్వండి. దీపం వదలాలనుకుంటే అరటి దొప్పలోనే వదలండి. థర్మోకోల్ గిన్నెలో వదిలేవాళ్లు నా కంటపడితే మాత్రం ఊరుకోను, ముందే చెబుతున్నా.