షావెల్ మీద తిరిగిన చెయ్యి, విమానం కింద

ఒడిశాలో దామన్‌జోడి బాక్సైట్ గనిలో షావెళ్లు (ఖనిజం తవ్వే పెద్ద యంత్రాలు), రాయగడలో జేసీబీలు బాగుచేసి చెయ్యి తిరిగిన మన తెలుగు కుర్రాళ్లకి గల్ఫ్‌లో విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో హైడ్రాలిక్ ప్రెషర్, అంటే భాగాల్ని కదిపే ఆయిల్ ఒత్తిడి, కొత్త కాదు. ఏ320 ప్యాసింజర్ విమానం ఆయిల్ లైన్లలో ఉండేది 3,000 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). పెద్ద ఎక్స్‌కవేటర్‌లో అంతకన్నా ఎక్కువే. ఇక్కడ దెబ్బతీసేది పాత అలవాటు.

ముందు ఆయిల్ సంగతి. గనిలో పోసేది మినరల్ ఆయిల్. పెద్ద ప్యాసింజర్ జెట్లలో చాలావాటికి స్కైడ్రాల్ రకం హైడ్రాలిక్ ఆయిల్. ఊదారంగులో ఉంటుంది, తేలిగ్గా అంటుకోదు. దీనికి ఈపీడీఎం అనే రబ్బరుతో చేసిన ఓ-రింగే (కారకుండా ఆపే గుండ్రటి రింగు) వెయ్యాలి. గనిలో వాడే నైట్రైల్ రబ్బరు రింగూ నల్లగానే ఉంటుంది, పక్కపక్కన పెడితే తేడా తెలియదు. అది వేశారా, స్కైడ్రాల్‌లో ఉబ్బి, మెత్తబడి చిరుగుతుంది. ఈపీడీఎం రింగుకి మామూలు గ్రీజు రాసినా అదే గతి. పార్ట్ నంబరు, గడువు తేదీ చదివాకే కవర్ చింపండి. విప్పిన డబ్బాలో మిగిలిన ఆయిల్ రేపటికి దాచొద్దు. స్కైడ్రాల్ గాలిలోని తేమ పీలుస్తుంది, గల్ఫ్ తీరంలో తేమకి కొదవలేదు. ఆ నీటితో యాసిడ్ పెరిగి లోపలి లోహాన్ని తినేస్తుంది.

ఏ320లో గ్రీన్, ఎల్లో, బ్లూ అని మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లు. ఒకదాని ఆయిల్ మరొకదాంట్లో కలవదు. గ్రీన్, ఎల్లోల మధ్య ప్రెషర్ తేడా 500 పీఎస్‌ఐ దాటితే పీటీయూ (పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్) తిరుగుతుంది. అది బలం అందిస్తుంది కానీ ఆయిల్ ఇవ్వదు. కుక్క మొరిగినట్టుండే ఆ చప్పుడుకి కంగారుపడక్కర్లేదు. మూడూ ఒకేసారి పోవన్న లెక్క 1989 జులై 19న ఒక డీసీ-10 విమానంలో తప్పింది. తోక ఇంజన్ ఫ్యాన్ డిస్క్ పగిలి ముక్కలు ఎగిరాయి, మూడు సిస్టమ్‌లూ పోయాయి. 296 మందిలో 184 మందే బతికారు. తోకలో ఆ గొట్టాలు ముక్కలకి అందే దూరంలోనే ఉన్నాయి మరి. లైను ఏ దారిన పోవాలో, పైపుని పట్టి ఉంచే క్లాంప్ ఎక్కడ పడాలో డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

క్లాంప్ లోపలి రబ్బరు అరిగిందనుకోండి, పైపు వణుకుతూ పక్కదానికి రాసుకుంటుంది. మొదట వెంట్రుకంత మెరిసే గీత, దాని చుట్టూ నల్లటి పొడి. గుడ్డతో తుడిచేస్తే గుర్తు పోతుంది, గీత పోదు. గోరుకి తగిలితే వదలకండి, లోతు కొలిపించండి. రేపు కన్నం పడేది అక్కడే.

ఆ కన్నం కోసం చేత్తో తడమడం గనిలోనూ తప్పే, ఇక్కడా తప్పే. అట్టముక్క పెట్టి చూడాలి. సన్నటి ధార చర్మంలోంచి దూరిపోతుంది. ముల్లు గుచ్చుకున్నంత చుక్క, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. గంటలు గడిచేసరికి చెయ్యి వాచి వేలు తీసేయాల్సి రావచ్చు. క్యాంపు క్లినిక్‌లో “గాయం” అంటే కట్టు కట్టి పంపేస్తారు. “హై ప్రెషర్ ఇంజెక్షన్” అన్న మాటే చెప్పండి, ఆయిల్ పేరు కాగితం మీద రాసి చూపించండి, వెంటనే సర్జన్ దగ్గరికి పంపమని అడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి.

కారుతున్న నట్టుకి ఇంకో పావు చుట్టు బిగించడం షావెల్ దగ్గర చెల్లింది. ఇక్కడ అలా బిగిస్తే పైపు చివర పగులుతుంది. ప్రెషర్ దించి, విప్పి, పైపు కూర్చునే చోటు చూసి, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. మధ్యలో షిఫ్టు మారితే చేత్తో తిప్పి వదిలిన ప్రతి నట్టుకీ ట్యాగ్ కట్టి, వర్క్ కార్డులో ఇంగ్లీషులో రాయాలి. హిందీలో నోటిమాటగా చెప్పి బస్సెక్కేయొద్దు.