జువ్వి బోన్సాయ్ కత్తిరింపు: ఈసారి ఒక్క కొమ్మా ఎండలేదు

ఇవాళ పొద్దున నా బోన్సాయ్ జువ్వి (రావి, మర్రి జాతి చెట్టు) చివరి కొమ్మకు కూడా చిగురు వచ్చింది. ఎడమ వైపు కింది కొమ్మ అది, చిటికెన వేలంత లావు. కణుపు దగ్గర రాగిరంగు మొన కనిపించింది. పోయినేడు సంక్రాంతికి అయిదు కొమ్మలు కోస్తే మూడు ఎండిపోయింది ఈ జువ్వికే. ఈసారి పద్నాలుగు చోట్ల కోశాను, పద్నాలుగూ బతికాయి.

ఆకు రాల్చే చెట్టును ఆకు లేనప్పుడే కోయాలని అందరూ చెప్తారు. అది నిజమే. కొమ్మల తీరు కళ్లకు కడుతుంది, వేళ్లలోనూ కాండంలోనూ దాచుకున్న బలమంతా మిగిలిన మొగ్గలకు పోతుంది. తేడా వచ్చేదల్లా ఏ రోజు కోయాలన్న దగ్గరే. చెట్టు అమ్మిన నర్సరీ ఆయన "డిసెంబర్, జనవరిలో కొట్టెయ్యండి" అన్నాడు. చలిదేశాల చెట్ల లెక్క తెచ్చి మన చెట్టుకు చెప్పాడు. వేలకు వేలు తీసుకుని చెట్టు అమ్మే మనిషికి అది మన ఎండలో ఎప్పుడు ఆకు రాలుస్తుందో తెలియకపోతే ఎట్లా? జపాన్ మేపుల్ గడ్డకట్టే చలికి పడుకుంటుంది. మన జువ్వి, రావి పడుకునేది అట్లా కాదు. చలి తగ్గి గాలి పొడిబారాక, ఫిబ్రవరిలో ఆకు పండి రాలుతుంది, ఆ వెంటనే చిగురు తొడుగుతాయి. నడుమ బోడిగా ఉండేది వారం, మహా అయితే పది రోజులు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా నల్లగొండలో జువ్వికి కత్తెర పట్టాల్సింది ఆ చుట్టుపక్కలే.

పోయినేడు ఆ మూడు కొమ్మలు ఎండిన తీరు నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. కోసిన చోట ముందు బెరడు ముడతపడింది. గోటితో గీకితే కింద పచ్చపొర లేదు, గోధుమరంగు తేలింది. పది రోజులకు ఎండు ఒక కణుపు కిందికి దిగింది, ఆ తర్వాత ఇంకో కణుపు. మందు కొట్టినా ఆగలేదు. ఎందుకంటే అది తెగులు కాదు. మొగ్గ మేలుకుంటేనే కొమ్మలోకి నీరు లాగుతుంది. జనవరి చలిరాత్రుల్లో మొగ్గ కదలదు, కోతకూ మొగ్గకూ నడుమనున్న ముక్కకు నీరందదు, అది ఎండుతుంది. ఆ కింది మొగ్గ కూడా బలహీనంగా ఉంటే ఎండు ఇంకా కిందికి పోతుంది. చెట్టు గాయం మాన్చుకోవాలన్నా పెరుగుదల మొదలవ్వాలి.

అందుకే ఈసారి క్యాలెండర్ పక్కన పెట్టి మొగ్గనే చూశాను. కొమ్మ చివర సూదిలాంటి మొగ్గ బిగిసి ఉంటే ఆగాలి. అది ఉబ్బి, పైపొర పలచబడి, లేత రంగు తేలితే ఆ రెండు మూడు రోజుల్లోనే కోయాలి. చిగురు విచ్చుకున్నాక కోస్తే దాచుకున్న బలం సగం ఆ చిగురుతోనే పోతుంది.

ఇంకో చిక్కు, కుండీలో రోజూ నీళ్లు తాగే చెట్టు ఒక్కసారిగా ఆకు రాల్చదు. ఒక వైపు బోడిగా, ఒక వైపు పచ్చగా నిలబడుతుంది. మా దిక్కు బత్తాయి, దానిమ్మ తోటల్లో పూతకు ముందు నీళ్లు ఆపి బెట్టకు తెస్తారు. బోన్సాయ్ పళ్లెంలో మట్టి రెండు మూడు అంగుళాలే కాబట్టి అంత మొండిగా ఆపితే చెట్టే పోతుంది. నేను రోజు విడిచి రోజు పోశాను. పన్నెండో రోజుకు మూడొంతుల ఆకు పండింది. మిగిలిన వాటిని కాడ ఉంచి, ఆకు వరకే కత్తిరించాను. కాడ దానంతటదే రాలుతుంది. ఆకును పీకితే మాత్రం పక్కనున్న మొగ్గ కూడా ఊడి వస్తుంది.

ఇక కోత. ఒకే చోట ఎదురెదురుగా లేచిన కొమ్మల్లో ఒకటి తీసేశాను, లేకపోతే అక్కడ కాండం బుడిపె కడుతుంది. నిట్టనిలువుగా లేచినవీ, ఒకదాన్నొకటి దాటినవీ, వంపు లోపలి వైపు పుట్టినవీ పోయాయి. ఉంచిన కొమ్మలను బయటి వైపు చూసే మొగ్గ పైన కోశాను. మొగ్గను ఆనుకుని మాత్రం కాదు. జువ్వికీ రావికీ మొగ్గ పైన ఒక సెంటీమీటరు మోడు వదలాలి. ఎండేది ఆ మోడే కావాలి, మొగ్గ కాదు. కొమ్మను మొదలంటా తీసేటప్పుడు లావుది అయితే కోతను జర లోపలికి గుంటగా తొలిచి, అంచు బెరడును పదునైన చాకుతో నున్నగా చెక్కాలి. మానేటప్పుడు బెరడు పొంగి గుంట నిండుతుంది, ఉబ్బు కనిపించదు. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి.

పాల దగ్గర అందరూ తొందరపడతారు. జువ్విని కోయగానే పాలు కారతాయి. దాని మీదే గాయానికి పూసే మందు పేస్టు పూస్తే అది అంటుకోదు, పాలు కిందనుంచి ఉబ్బి పొరను లేపుతాయి, ఆ సందులో తడి నిలిచి కుళ్లు పడుతుంది. కోతపై చల్లని నీళ్లు చిలకరించి, తడిబట్టతో అద్దుతూ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. పాలు గడ్డకట్టాకే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపింది) పూయాలి. పాలు కంటికి తగలకుండా చూసుకోవాలి, చేతికి పడనివాళ్లకు దురద పెడుతుంది.

పేస్టు ఇంట్లోనే కలిపాను. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 10 గ్రాములు ఒక గిన్నెలో, సున్నం 10 గ్రాములు ఇంకో గిన్నెలో, ఒక్కోదానికి 50 మి.లీ. నీళ్లు. రెండూ కరిగాక మూడో గిన్నెలోకి ఒకేసారి పోస్తూ కలపాలి. గిన్నెలు ప్లాస్టిక్‌వో మట్టివో అయి ఉండాలి, ఇనుపవి పనికిరావు. తోమిన ఇనుప మేకు ఒక నిమిషం ముంచి తీస్తే రాగి పూత అంటిందంటే సున్నం చాలలేదన్నట్టు, ఇంకొంత వేయాలి. ఆ రోజే వాడాలి.

గాయాన్ని చిన్నచూపు చూడొద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే చూడండి. అంత చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది. పళ్లెంలో చెట్టుకు చచ్చిన కొయ్య ఒక్క అంగుళం ఉన్నా ఎక్కువే.

రావిని కోస్తే పాపమని మా వీధిలో ఒకావిడ అన్నారు. నా దగ్గరున్న రావి పిట్టగోడ చీలికలో మొలిచింది. అక్కడే ఉంటే దాని మీద యాసిడ్ పోసేవాళ్లు. వేళ్లు తెగకుండా తీసి, ఏటా కోసి బతికించుకోవడం పాపమని నేననుకోను.

కోశాక పని తక్కువ. యాభై శాతం గ్రీన్ నెట్ కింద పెట్టాను, మట్టి పైపొర ఆరితేనే నీళ్లు పోస్తున్నాను, ఎరువు వేయలేదు. ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు, పోసే కొద్దీ వేళ్లు మురుగుతాయి. చిగురు ఆరేడు ఆకులయ్యే దాకా వదిలి, రెండు మూడు ఆకులకు కుదిస్తాను. కొత్తాకు ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా వస్తే మన బోరునీళ్ల ఉప్పులకు ఇనుము అందడం లేదని అర్థం. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 2.5 గ్రాములు, నిమ్మ ఉప్పు అర గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

కుండీ దానిమ్మకు ఈ లెక్కంతా పనికిరాదు. దానికి పాలు లేవు, మొగ్గలు కణుపుకు జంటగా వస్తాయి. కోశాక రెండూ మొలుస్తాయి, అక్కర్లేని దాన్ని బొటనవేలితో తోసేస్తే సరి. చెట్టు మొదలు దగ్గర లేచే పిలకలను ఎప్పుడు కనబడితే అప్పుడు తీసేయాలి. పొట్టి రెమ్మల కొసలన్నీ కోస్తే మాత్రం ఆ ఏడు పూత ఉండదు.

వేళ్ల జోలికి ఇప్పుడు పోలేదు. మిరుగం (మృగశిర కార్తె) వచ్చి రెండు వానలు పడ్డాక, మూడో వంతుకు మించకుండా కోస్తాను. వదిలిన మోళ్లు అప్పటికి ఎండి గట్టిపడతాయి, వాటినీ అదే రోజు చాకుతో మొగ్గ దాకా నున్నగా తీసేస్తాను.