చార్జి తీసుకోవడానికి నాకు పట్టిన మూడు నెలలు

మా బడి ఆఫీసు గదిలో బీరువా పక్కన, ఇక్కడ పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్ల బోర్డు ఒకటి గోడకు వేలాడుతూ ఉంటుంది. నల్లని చెక్క మీద తెల్ల పెయింటుతో గీసిన గడుల్లో చివరి పేరు ఎదుట 2009 నుండి 2020 వరకు అని ఉంది. ఆ కింద అంతా ఖాళీ. 2025 జూన్ 12న, బడులు తెరిచిన రోజునే, గాజువాక అవతల ఉన్న ఆ ప్రాథమిక పాఠశాలలో హెచ్.ఎం.గా చేరడానికి వెళ్లిన నాకు మొదట కంటపడింది ఆ ఖాళీయే. 2020లో ఆ పెద్దాయన పదవీ విరమణ చేసిన తరువాత బడి మూతపడలేదు, హెచ్.ఎం. సంతకం లేకుండా ఒక్క బియ్యం బస్తా కూడా దిగలేదు. మరి ఆ సంతకాలు చేసినవారెవరని అడిగితే, ఆ ఐదేళ్లలో నాకు ముందు నలుగురు వచ్చి వెళ్లారని తెలిసింది.

నేను ఎలా వచ్చానో ముందు చెప్పాలి. పద్మనాభం మండలంలోని ఒక గ్రామంలో ఎల్.ఎఫ్.ఎల్. హెచ్.ఎం.గా, అంటే ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా, 2017 నుంచి పనిచేశాను. ఎనిమిదేళ్లు నిండినవారికి బదిలీ తప్పనిసరి కాబట్టి, ఈసారి నా ఇష్టాయిష్టాలతో పని లేకపోయింది. కోరుకున్న బడి దక్కే వరుసను పాయింట్లు నిర్ణయిస్తాయి. మూడో కేటగిరీ గ్రామం కనుక ఏడాదికి మూడు చొప్పున 24 స్టేషన్ పాయింట్లు, సర్వీసుకు ఏడాదికి అర పాయింటు చొప్పున పదకొండున్నర, మావారు స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్నందున స్పౌస్ కోటా కింద మరో ఐదు వచ్చాయి. వెబ్ ఆప్షన్లలో ఈ బడిని మొదటి వరుసలో పెట్టుకోవడానికి కారణం ఇంటికి దగ్గర కావడం తప్ప మరొకటి కాదు. బడి గురించి ఎవరినీ వాకబు చేయలేదు. చేసినా పెద్దగా తెలిసేది కాదేమో, ఎందుకంటే ఆ బడి సంగతులు మొదటి నుంచీ తెలిసిన మనిషి ఆ బడిలోనే లేరు.

ఆ నలుగురు ఎందుకు మారారన్నది చార్జి పుచ్చుకుంటున్న రెండు రోజుల్లో ముక్కలు ముక్కలుగా విన్నాను. పెద్దాయన వెళ్లాక ఒక సీనియర్ ఎస్.జి.టి. (సెకండరీ గ్రేడ్ టీచర్) కొన్ని నెలలు ఇన్‌చార్జిగా ఉన్నారు. 2021 జనవరిలో బదిలీపై ఒక హెచ్.ఎం. వచ్చారు. ఆయన ఉండగానే 2022 జూన్‌లో 117 జీవో వచ్చి, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకు వెళ్లిపోయారు. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడికి హెచ్.ఎం. ఎందుకన్న లెక్కలో ఆయన మిగులు కింద తేలి, 2023 బదిలీల్లో వెళ్లిపోయారు. ఆ తరువాత ఒక ఎస్.జి.టి. ఏడాది చేసి సర్దుబాటు మీద వేరే బడికి వెళ్లగా, మరొకావిడ మరో ఏడాది ఇన్‌చార్జిగా ఉన్నారు. 2025లో 117 జీవో రద్దై, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటిగా ఇది మారడంతో పై తరగతులు తిరిగి వచ్చాయి, వాటితో పాటు హెచ్.ఎం. పోస్టూ వచ్చింది, దానిలో నేను వచ్చాను.

బదిలీలనే తప్పుపట్టే వాదనతో నేను ఏకీభవించను. ఎనిమిదేళ్లకు ఒకసారి మారడం ఏ బడినీ చెడగొట్టదు, పైగా అది ముందే తెలిసిన గడువు. ఈ బడిని కుదిపినది బదిలీల నియమం కాదు, పిల్లల సంఖ్యకు కుర్చీని ముడిపెట్టడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే, ప్రాథమిక పాఠశాలలో 150 మందికి మించి పిల్లలుంటేనే ఐదుగురు ఉపాధ్యాయులకు తోడు ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండాలని ఉంది. అంతకు తక్కువ ఉన్నచోట చాలాసార్లు పాఠం చెప్పే టీచరే తీరిక చేసుకుని హెచ్.ఎం. పని చేయాలి. ఇన్‌చార్జి అంటే అదనపు జీతం లేని అదనపు పని. దాన్ని ఎవరు ఎప్పుడు వదిలించుకున్నా వారిని నేను తప్పుపట్టలేను.

ఇక చార్జి విషయం. నాకు అప్పగించవలసిన ఇన్‌చార్జి మేడం నాకంటే పదేళ్లు చిన్న. ఆమె కూడా ఎస్.జి.టి.ల కౌన్సెలింగు కోసం ఎదురుచూస్తున్నారు. ఒక చేత్తో నాకు రిజిస్టర్లు చూపిస్తూ, మరో చేత్తో ఫోనులో తన సీనియారిటీ నంబరు వెతుక్కుంటూ ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు, బల్లలు, ట్యాబు, తూకం మిషను, బీరువా తాళాలు రెండు. జాబితా నాలుగు పేజీలు వచ్చింది. "మేడం, నాకు ఇచ్చినప్పుడు ఈ జాబితా ఒకటిన్నర పేజీ. మిగిలినదంతా వెతికి నేనే రాశాను," అన్నారామె. ఆ మాటలో గర్వం ఉంది, ఉండవలసినదే.

బియ్యం దగ్గర ఆగిపోయాం. నేను చేరిన రోజు నుంచే మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం మొదలయ్యాయి కాబట్టి పాత బియ్యం లెక్క తేల్చి వేరుగా చూపాలి. పుస్తకంలో ఉన్న నిల్వకూ గదిలో ఉన్న నిల్వకూ 40 కిలోల తేడా వచ్చింది. ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు. కిందటేడు 31 మంది పిల్లలు, అంటే రోజుకు మూడు కిలోల పైచిలుకు. ఈ లెక్కన తేడా ఇంచుమించు పదమూడు రోజుల భోజనం. ఇన్‌చార్జి మేడం ముఖం పాలిపోయింది. తనకు చార్జి ఇచ్చినప్పుడు తూకం వేయకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నారు. నేను సంతకం పెట్టకుండా రెండు రోజులు ఆగాను. ఆగినందుకు ఆమె నొచ్చుకున్నారు, నాకూ బాగోలేదు, కానీ ఆ తేడా మీద నా సంతకం పడితే అది రేపటి నుంచి నా తేడా.

దాన్ని తేల్చింది వంట చేసే ఆవిడ. "ఏటమ్మా అంత ఇదైపోతన్నారు, ఆ బియ్యం హైస్కూలోళ్లకి చేబదులిచ్చారు కదా," అన్నది గిన్నె తోముతూనే. పై తరగతుల పిల్లలు హైస్కూలుకు వెళ్లిన కొత్తలో అక్కడ సరుకు చాలకపోతే ఇక్కడి నుంచి ఇచ్చారట. అప్పటి హెచ్.ఎం. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి క్యాష్ బుక్కు అట్టలో పెట్టారు. తరువాత వచ్చిన ఇద్దరికీ ఆ అట్ట తీసి చూడవలసిన అవసరం రాలేదు. చీటీ దొరికింది, హైస్కూలు వారి సంతకం ఉంది, మండల విద్యాశాఖాధికారికి ఒక లేఖతో వ్యవహారం ముగిసింది. మూడేళ్ల పాటు ముగ్గురు మనుషుల చేతులు మారిన ఒక లెక్క, ఎవరూ మారకుండా ఉన్న వంటగదిలో భద్రంగా ఉంది.

లాగిన్ల గొడవ దీనికంటే పెద్దది. ఇప్పుడు బడిలో ఏ పని జరగాలన్నా విద్యాశాఖ వారి లీప్ యాప్‌లో హెచ్.ఎం. లాగిన్ కావాలి. ఆ లాగిన్‌కు వచ్చే ఓటీపీ ఇన్‌చార్జి మేడం ఫోనుకు వెళ్తుంది. దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ పోర్టల్ ఓటీపీ అయితే ఆమెకు ముందు ఉన్న ఎస్.జి.టి. ఫోనుకు వెళ్లేది. అంటే నేను పిల్లల వివరం ఒకటి సరిచేయాలంటే, ఆ సమయంలో వేరే మండలంలో పాఠం చెబుతున్న ఒక మనిషి ఫోను ఎత్తాలి. ఫోను నంబరు మార్పించడానికి దరఖాస్తు, నియామక ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్టు పట్టుకుని మండల కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాను. ఆ రోజుల్లోనే జూన్ 21 యోగా దినోత్సవం, యోగాంధ్ర కూడా ఉంది. ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం వరకు జనాన్ని సమీకరించే పనిలో నగరమంతా ఉండగా, నా నంబరు మార్పు ఎవరి బల్ల మీద ఉందో వెతకడం నాకే నవ్వు తెప్పించింది.

నవ్వు తెప్పించనిది ఒకటుంది. హైస్కూలు నుంచి తిరిగివచ్చిన పిల్లల వివరాలు అక్కడి లాగిన్ నుంచి వదిలితే పోర్టల్‌లోనే డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో పడతాయి, అక్కడి నుంచి మన లాగిన్‌లోకి తీసుకోవాలి. నా లాగిన్ పనిచేయని ఆ రోజుల్లో కొందరు పిల్లలు ఏ బడిలోనూ లేనట్టే ఉన్నారు, మనుషులుగా మాత్రం నా ఎదుట బల్లల మీద కూర్చుని ఉన్నారు. సరిగ్గా అదే వారం, చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. వీధిలో అందరికీ 13,000 పడి తమకు పడని తల్లులు బడికి వచ్చారు. కొందరివి కరెంటు వాడకం యూనిట్లు ఎక్కువ కావడం వల్ల, కొందరివి ఆధార్ వల్ల ఆగినవి. అవి గ్రామ, వార్డు సచివాలయంలో తేల్చుకోవలసినవి. కానీ మాటల్లో తేలినది వేరు. "పోయినేడు మేడం పేరు రాసుకున్నారు, అంతకు ముందు సారూ రాసుకున్నారు, మీరు కూడా రాసుకుంటున్నారు," అని ఒక తల్లి అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ రాసుకున్న కాగితాలు నాకిచ్చిన నాలుగు పేజీల జాబితాలో లేవు.

బ్యాంకు పని అన్నిటికంటే ఆలస్యమైంది. పాఠశాల యాజమాన్య కమిటీ ఖాతాను హెచ్.ఎం., కమిటీ చైర్మన్ కలిసి నడపాలి. 2024 ఆగస్టు కమిటీ ఎన్నికల్లో వచ్చిన చైర్మన్ ఆటోనగర్‌లో వెల్డింగ్ పనిచేసే ఒక తండ్రి. ఖాతాలో మాత్రం ఆయన సంతకమూ చేరలేదు, ఇన్‌చార్జి మేడం సంతకమూ చేరలేదు. 2023లో వెళ్లిపోయిన హెచ్.ఎం. పేరే ఉంది. రెండేళ్లుగా ఆ ఖాతా కదలలేదన్నమాట. సున్నం వేయని గోడలు, నీళ్లు రాని కుళాయి ఎందుకలా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. కమిటీ తీర్మానం, అధికారి ఉత్తర్వు, ఇద్దరి ఆధార్, పాన్, ఫోటోలు తీసుకుని మొదటిసారి వెళ్తే తీర్మానం మీద సీలు సరిగా పడలేదన్నారు. రెండోసారి పాత హెచ్.ఎం. నుంచి ఒక లేఖ కావాలన్నారు. వెళ్లిన ప్రతిసారీ చైర్మన్‌కు ఒక రోజు కూలి పోయేది. మూడోసారి బ్యాంకు మెట్లు దిగుతూ, "మేడం, మీరైనా ఉంటారా?" అని అడిగాడు. ఉంటానని చెప్పడానికి నా చేతిలో ఉన్నది ఎనిమిదేళ్ల నియమం ఒక్కటే. ఆ పైన పిల్లల సంఖ్య ఇప్పుడున్న 86 కంటే పడిపోకూడదు, జీవో మారకూడదు. ఇదంతా ఆయనకు ఎక్కడ వివరిస్తాను? "ఉంటాను బాబూ," అన్నాను.

జూలై 10న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు నాకు పిల్లల పేర్లు ఇంకా పూర్తిగా రాలేదు. ప్రోగ్రెస్ కార్డులు పంచుతూ రెండో తరగతి పిల్లవాడి కార్డు వాళ్ల అన్న చేతికి ఇచ్చాను. ఆ రోజు ఒక నోటు పుస్తకం తెరిచాను. ఏ పాప మాత్రలు వేసుకుంటుంది, ఏ ఇంటివారు వేసవిలో వలస వెళ్తారు, మోటారు ఎక్కడ కొట్టుకుంటుంది, బియ్యం ఎవరికి చేబదులిచ్చాం వంటివి అందులో రాస్తున్నాను. చార్జి జాబితాలో అలాంటి గడి లేదు, పెట్టమని ఎవరూ అడగరు కూడా.

సెప్టెంబరు రెండో వారంలో బ్యాంకు నా సంతకాన్ని అంగీకరించింది. మొదటి చెక్కు కుళాయికి రాశాం. చైర్మన్ ఆ రోజు కూడా పని మానుకుని వచ్చి, కుళాయి బిగించేవరకు అక్కడే నిలబడ్డాడు. పేర్ల బోర్డు మీద నా ముందువారి పేర్లు నలుగురివీ తేదీలతో సహా రాయించాను, ఇన్‌చార్జులవి కూడా. పెయింటరు అడిగిన 300 రూపాయలు నేనే ఇచ్చాను. ఇన్‌చార్జి మేడం ఇప్పుడు అనకాపల్లి వైపు పనిచేస్తున్నారు. లీప్ యాప్‌లో నంబరు మారినా, మరేదో పోర్టల్ నుంచి ఆమె ఫోనుకు ఇప్పటికీ అప్పుడప్పుడు మా బడి ఓటీపీ వెళ్తూనే ఉంది. ఆమె ఫోను చేసి ఆరు అంకెలూ చెప్పి, ఆ తరువాత పిల్లల గురించి అడుగుతారు.