పావుకిలో కూడా లేని ప్రాణం

ఐదో మిల్లీలీటరు దగ్గర పిల్లికూన సిరంజిని ముంగాళ్లతో తోసేసి, మూతికంటిన పాలు కూడా నాకకుండానే నా అరచేతిలో నిద్రపోయింది. అప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు.

వాన వెలిశాక గడ్డివాము కింద దొరికిన ఈ కూన కోసం తల్లి వస్తుందేమోనని పొద్దుగూకేదాకా దూరంగా నిలబడి చూశాము గాని, అది రాలేదు. మొదటి రాత్రి అమ్మ ప్రేమగా కాచి ఇచ్చిన ఆవుపాలు పడితే తెల్లారేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. పశువైద్యుడు మందలించాక, నల్లగొండ గడియారం సెంటర్ దాకా వెళ్లి పిల్లికూనల పాలపొడి తెచ్చాను. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు పాలు పట్టకూడదని, ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పడుకోబెట్టాలని, వెల్లకిలా ఉంచి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, బోర్లా ఉంచే పట్టాలని కూడా ఆయనే చెప్పాడు.

తల్లి నాకినట్టుగా గోరువెచ్చని తడి దూదితో పొట్ట కింద తుడిస్తే తప్ప అది మూత్రం పోయలేదు. తన పిల్లలకు ఒక్కనాడైనా పొత్తిగుడ్డ మార్చని నేను ఈ పని ఇంత శ్రద్ధగా చేస్తున్నానని విని అక్క ఫోనులో చాలాసేపు నవ్వింది.

ఈ రోజు కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 204 గ్రాములు తూగింది, నిన్న 192. "పావుకిలో గూడ లేదు గదా బిడ్డా, దీనికోసం నిద్ర పాడుజేసుకుంటున్నవా?" అని కొట్టు కాక అడిగాడు గాని, అది జారిపడకుండా కాంటాకు చేయి అడ్డం పెట్టింది ఆయనే.

ఎడమ రెప్పల సందులోంచి సన్నగా నీలం కనిపిస్తున్నది. తొమ్మిదింటి పాలకు గంజులో నీళ్లు వేడెక్కుతున్నాయి.