టాహలీ కూలిన పేజీ దగ్గర

ఆదివారం. పొద్దుటి నుంచీ మబ్బు, చినుకు మాత్రం లేదు. పంజాబీ రచయిత గురుదయాళ్ సింగ్ ‘మఢీ దా దీవా’ (మఢీ మీది దీపం) తెలుగులో ఎలా చెప్పాలా అని మళ్ళీ తీసి, ఆసామి కొడుకు భంతా ఆ టాహలీ చెట్టును కొట్టించే చోట ఆగడమయింది. 1964లో వచ్చిన నవల. కథానాయకుడు జగసీర్ తండ్రి ఆసాముల పొలంలో నాటిన చెట్టు అది. భంతాకి దుంగ, జగసీర్‌కి తండ్రి.

టాహలీని ఇరుగుడు అని తెలుగు చేస్తే తప్పు. రెండూ దాయాదులే గానీ ఇరుగుడు మన కొండల అడవి చెట్టు. టాహలీ అంటే సిస్సూ, పంజాబ్ మైదానంలో కాలవ గట్ల మీదా పొలాల మధ్యా పెరుగుతుంది. మనవైపు బండి చక్రానికి నల్లతుమ్మ ఎలాగో అక్కడ సిస్సూ అలాగ.

ఈ సంగతి రచయితకి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 1933లో జైతో దగ్గరి భైనీ ఫతే అనే ఊళ్ళో వడ్రంగి ఇంట పుట్టాడు. పన్నెండేళ్ళకే బడి ఆగి పనిలో దిగాడు. ఎడ్లబండి చక్రాలు, నీళ్ళ ట్యాంకుల రేకులు, రోజుకి 16 గంటలు.

చక్రం పని చూడ్డానికి తేలిక. మామూలుగా 12 ఆకులు (నడిమి కుండ నుంచి అంచుకి పోయే కర్రలు), 6 పూటీలు (అంచుకి వంపు ముక్కలు), పూటీకి రెండేసి ఆకులు. నడిమి కుండ బాగా ఆరిన కర్రతో చెయ్యాలి. పచ్చిదైతే ఆరాక బెజ్జాలు వదులై ఆకులు కిర్రుమంటాయి. అసలు కిటుకు ఇనప పట్టాలో ఉంది. చక్రం చుట్టుకొలత కంటే సుమారు అంగుళం తక్కువగా అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు గుమ్మరించాలి. ఇనుము ముడుచుకుని కర్రంతటినీ బిగిస్తుంది. కొలత మరీ తగ్గితే ఆకులు వంగుతాయి. ఎక్కువైతే ఎండాకాలం కర్ర ఆరి, నడిరోడ్డు మీద పట్టా జారిపోతుంది. అప్పుడు చక్రాన్ని చెరువులో నానేస్తే పని గడుస్తుంది, నాలుగు రోజులు.

దుంగ విలువ ఇంత దగ్గరగా తెలిసినవాడు చెట్టుపోయిన మనిషి వైపు నుంచి రాశాడు. నవలకి ఇరుసు ఈ పేజీయేనని నా లెక్క, భానీ మీద జగసీర్ ప్రేమ కాదు.

ఇక ‘సీరి’, జగసీర్ చేసే పని. ఏడాది పొడుగునా ఆసామితో పాటు చాకిరీ చేసి పంటలో చిన్న వంతు తీసుకునే మనిషి. ముందు తెచ్చుకున్న అప్పు ఆ వంతును మింగేస్తుంది. ‘కౌలుదారు’ అంటే అర్థమే మారిపోతుంది, ‘కూలీ’లో వంతు కనపడదు. ఉత్తరాంధ్ర ‘పాలికాపు’ దగ్గరగా వస్తుంది, ‘పాలు’ అంటేనే వాటా కనక. ఆసామి ధర్మ్ సింగ్ జగసీర్‌ని ఇంటి మనిషిలా చూస్తాడు, కొడుకు భంతా చూడడు. ఆప్యాయతకి దస్తావేజు ఉండదు మరి. పైగా 1900 నాటి పంజాబ్ చట్టం సాగు కులాలుగా ప్రకటించినవాళ్ళ భూమి బయటివాళ్ళకి అమ్ముడుపోకుండా కట్టేసింది. ఆ జాబితాలో జగసీర్ లాంటి దళితులు లేరు.

‘మఢీ’ ఇంకా మొండి మాట. చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టి దీపం పెట్టే చిన్న ఇటుక దిమ్మె. ‘సమాధి’ అనగానే మనవాళ్ళకి పూడ్చిపెట్టిన చోటు తోస్తుంది. ‘దిమ్మె’ అంటే దీపం ఆనదు.

మిగతా జీవితం తెలిసిందే. హెడ్మాస్టర్ మదన్ మోహన్ శర్మ ప్రోత్సాహంతో పని చేసుకుంటూనే చదివి, బడిపంతులై, ఫరీద్‌కోట్ కాలేజీలో లెక్చరరయ్యాడు. 1975లో సాహిత్య అకాడెమీ, 1999లో నిర్మల్ వర్మతో కలిపి జ్ఞానపీఠం, 2016లో మరణం. ఆయన ఇంకో నవల ‘అన్హే ఘోడే దా దాన్’ మీద గుర్విందర్ సింగ్ తీసిన సినిమా 2011లో వెనిస్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. గుడ్డి గుర్రానికి దానం! గ్రహణం పూట దానమడిగే పిలుపు అది. ‘గ్రహణం విడుపు దానం’ అంటే మనకి చప్పున తెలుస్తుంది గానీ గుర్రం మాయమైపోతుంది, గుర్రాన్ని పోగొట్టుకోకూడదు.

నవల్లోని మాళ్వా (దక్షిణ పంజాబ్) యాసకి ఏ తెలుగు? పత్రికల తెలుగులో పెడితే జగసీర్ గుమాస్తాలా మాట్లాడతాడు. ఒక జిల్లా నుడి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోవాలి, మధ్యలో ఇంకోటి కలిపితే చదివేవాడు ఊరు తప్పిపోతాడు.

సాయంత్రానికి మార్జిన్లో పెన్సిలు గీతలు: సీరి, పాలికాపు. మఢీ, ప్రస్తుతానికి ఖాళీ. టాహలీ, టాహలీయే.